జెండాతోటి పుట్టినావిడ

రోజూ పొద్దున్నే బొగ్గులు రాజేశాక, ఆవిడ ఇస్త్రీపెట్టెను ముందు తన భుజం మీది తువ్వాలుకు ఆనించి చూస్తుంది. కాలితే తనదే కాలాలి, ఊరివాళ్లది కాదు. ఆ తువ్వాలు నిండా గోధుమరంగు మచ్చలే.

అందరూ ఆవిడను జెండా అక్క అంటారు. దేశానికి కొత్త జెండా ఎగిరిన రోజున పుట్టింది. ఆ ఏడాది గురించి బడి పుస్తకాల్లో చాలా రాశారు: మొదటి శాసనసభ, కొత్త నాణెం, నది మీద పెద్ద వంతెన. ఆ రోజు డాక్టర్లంతా ఊరేగింపుకు వెళ్లిపోయారని మాత్రం రాయలేదు. బిడ్డను బయటికి తీసింది ఆసుపత్రి ఊడ్చే ఆయా. తల్లికి నెత్తురు ఆగలేదు. డాక్టరు కోసం పరుగెత్తిన తండ్రికి వీధిలో జనం దారివ్వలేదు.

ఏటా ఆ రోజున మునిసిపాలిటీ వాళ్లు ఆవిడను వేదిక ఎక్కిస్తారు. జెండా ఇస్త్రీ చేసిచ్చేదీ ఆవిడే. ఆవిడ మైకులో నాణెం, వంతెన అన్నీ చెప్పి, చివర "మా అమ్మ" అనగానే బ్యాండు మాస్టారు కర్ర ఎత్తుతాడు. బాకాలు మోగుతాయి. మొదట్లో ఛైర్మన్ సైగ చేసేవాడు. తర్వాత సైగ అక్కర్లేకపోయింది.

ఒక ఏడు కూతురు దెప్పింది.

"ఏటా వెళ్లి బొమ్మలా నిలబడి రావడమేనా? అమ్మమ్మ మాట ఎప్పుడు చెప్తావే?"

"ఈసారి చెప్తా. వాళ్లు నోరు నొక్కేది చివర్లోనే కదా? అమ్మతోనే మొదలెడతా."

"మాస్టారుకి ముందే ఓ మాట చెప్పరాదూ?"

"చెప్తే ఛైర్మన్ చెవిన వేస్తాడు. ఊరుకో."

వేదిక ఎక్కింది. గొంతు సవరించుకుని, "మా అమ్మ..." అంది.

మాస్టారు అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. ఆ మాట వినగానే గ్లాసు కింద పెట్టేసి కర్ర ఎత్తాడు. బాకాలు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఛైర్మన్ ముఖం వెలిగిపోయింది. "భలే క్లుప్తంగా చెప్పావమ్మా! ఇకనుంచి ఇలాగే కానియ్."

కింద మాస్టారు ఎదురొచ్చాడు. "ఏంటక్కా, టీ కూడా తాగనివ్వలేదు! చెప్పాల్సింది మర్చిపోయావా?"

"లేదు తమ్ముడూ," అంది.

ఆవిడ మళ్లీ వేదిక ఎక్కలేదు. ఇప్పుడు ఇంకొకావిడ మాట్లాడుతోంది. కొత్త జెండా ఎగిరిన వారంలోనే పుట్టిందట. వాళ్లమ్మ పురిట్లో పోలేదు.

ఇస్త్రీకి జెండా మాత్రం ఇప్పటికీ జెండా అక్క దగ్గరికే వస్తుంది.