అమ్మకి గుంటూరు రాశారు

మా అద్దంకి వైపు డాక్టరు "గుంటూరు తీసుకెళ్లండి" అన్నారంటే ఇక ఆశ లేదన్నట్టే లెక్క. ఊరు ఊరంతా అలాగే అనుకుంటుంది. అందుకే పత్తి కంప పీకుతుంటే పుల్ల తగిలి అమ్మ కన్ను ఎర్రబడినప్పుడు, మా ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ చూసి, చుక్కలు వేసి, "నల్లగుడ్డు మీద పుండు పడుతోంది, రేపే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లండి" అని చీటీ రాసేసరికి అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కన్ను పోయినట్టేగా" అంది బయటికొచ్చాక. కాదని ఎంత చెప్పినా వింటేగా. మేం ఇల్లు చేరేలోపే కబురు పాకింది. సాయంత్రానికి చుట్టాలు బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని దిగారు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. మా పిన్నయితే అమ్మని పట్టుకుని ఒకటే ఏడుపు. నాకు ఒళ్లు మండిపోయింది. "బతికున్న మనిషికి ఈ పరామర్శలేంటి, లేవండి" అని అరిచాను. లోపల మాత్రం నాకూ భయమే. అమ్మకి సరిగ్గా కనబడేది ఆ కన్నొక్కటే, రెండోదానికి శుక్లం ముదిరిపోయింది. అదీ పోతే మిరపకోతకి కాదుగదా, గడప దాటడానికి కూడా నా చెయ్యి పట్టుకోవాల్సిందే.

గుంటూరు ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. మా చీటీ చూసి నేరుగా కంటి డాక్టరుగారి గదికి పంపారు. ఆయన లైటు వేసి చాలాసేపు చూశారు.

"పైపైనే ఉందమ్మా, టైముకి పంపించారు. చుక్కలు మానకుండా వేస్తే తగ్గిపోతుంది. ఎల్లుండి మీ డాక్టరుగారికే చూపించుకోండి."

అమ్మ స్టూలు మీంచి లేవలేదు. "ఇంత దూరం వస్తే మళ్లీ అక్కడికే పొమ్మంటారేంటయ్యా? ఆవిడకి చేతగాకేగదా ఇక్కడికి పంపించింది?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం కోప్పడలేదు. ఫోను తీసి మా డాక్టరమ్మకే చేశారు. మీరు మొదలెట్టిన మందు మంచిదే, ఇంకొకటి కలుపుతున్నాను, ఎల్లుండికి తగ్గకపోతే నాకు చెప్పండి అని అమ్మ ఎదురుగానే, తెలుగులోనే మాట్లాడారు. అప్పుడు లేచింది అమ్మ.

బస్సు మార్టూరు దాటేదాకా అదే మాట. "నా కన్ను గురించి ఇద్దరు డాక్టర్లు ఫోన్లో మాట్లాడుకున్నారే!" ఊళ్లో దిగాక కూడా అదే. చూడ్డానికొచ్చిన వాళ్లకి వాళ్లు తెచ్చిన బత్తాయిలే ఒలిచిపెట్టి మరీ చెప్పింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఫోనుతోనే ప్రాణం కుదుటపడింది.

పుండు మానిందాకా మా ఆసుపత్రికే తిరిగాం. చివరిసారి డాక్టరమ్మ అమ్మ శుక్లం కన్ను మూయించి, గది ఆ చివర నిలబడి వేళ్లు చూపించింది.

"ఎన్నమ్మా?"

అమ్మ మెడ ముందుకు చాచి చూసింది.

"మూడు" అంది. "అదేంటి డాక్టరుగారూ, చిన్నపిల్లలాగా గోళ్లు కొరుక్కుంటారా?"

డాక్టరమ్మ చటుక్కున చెయ్యి కోటు జేబులో పెట్టేసుకుంది.