పాట కాదు, పాడి

జ్ఞానాంబ పుట్టింట్లో అందరూ వీణ వాయించేవాళ్లే. ఆమెకు మాత్రం వేళ్లు తిరగలేదు. విజయనగరంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పుకుంటూ, పాడినవాళ్ల గురించి, వాయించినవాళ్ల గురించి రాయడం మొదలుపెట్టింది. సెలవు దొరికితే చాలు, గుళ్లు తిరిగి శాసనాల్లో వాళ్ల పేర్లు వెతికేది. పద్దెనిమిదేళ్లు రాశాక పుస్తకం వచ్చింది.

అందులో అందరూ మెచ్చుకున్నది ఒక్క అధ్యాయాన్నే. వంశధార ఒడ్డున ఒక చిన్న గుడిలో దాలయ్య అనే పెద్దాయన రోజూ మేలుకొలుపు పాడతాడు. ఆ గుడి స్తంభం మీది పాత శాసనంలో, ఆయన ఇంటిపేరు వాళ్లకే ‘పాట కోసం’ భూమి ఇచ్చినట్టు జ్ఞానాంబ చదివింది. ఎనిమిది వందల ఏళ్లుగా ఒకే ఇంట్లో పాట నిలిచిందని రాసింది. ఊరివాళ్లు సభ పెట్టి దాలయ్యకు శాలువా కప్పారు. అప్పటినుంచి గుడిలో మొదటి తాంబూలం ఆయనకే.

రిటైరయ్యాక, రెండో ముద్రణకు ఫొటోల కోసం ఆమె మళ్లీ అక్కడికి వెళ్లింది. స్తంభానికి పట్టిన పాత సున్నం ఈమధ్యే గీకేశారు. పక్కనుంచి టార్చి వేసి చూసింది. అక్షరం ‘ట’ కాదు, ‘డి’. భూమి ఇచ్చింది పాడి కోసం, గుడి దీపానికి నెయ్యి పోయడానికి.

మూడుసార్లు చదివింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. ఏమీ రాలేదు. కెమెరా సంచిలో పెట్టుకుని దాలయ్య ఇంటికి నడిచింది.

“అయితే ఏటమ్మా, మావోళ్లు పాడనేదా?” అన్నాడు దాలయ్య, అంతా విని.

“పాడారో లేదో తెలీదు. రాతి మీద మాత్రం లేదు.”

“ఎవులికైనా సెప్పినావా?”

“ఇంకా లేదు.”

“మరి సెప్పకు. నానింకెన్నాళ్లుంటాను? నా ఎనకాల నీకు నచ్చినట్టు రాసుకో.”

“అలా కుదరదండీ.”

తన గొంతు క్లాసులో హాజరు పిలుస్తున్నట్టు వినిపించింది ఆమెకు. దాలయ్య కోడలు తులసి టీ ఇచ్చింది. తాగింది. అందులో చక్కెర ఉందో లేదో కూడా తెలియలేదు. దాలయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

తప్పు తనదేనని ఒక పత్రికకు రాసింది. వాళ్లు చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో వేశారు. ఎవరూ ఉత్తరం రాయలేదు. ప్రచురణకర్త రెండో ముద్రణ మానుకున్నాడు. మిగిలిన కాపీలు ఇంటికి తెప్పించుకుని, ఒక్కోదాంట్లో సవరణ చీటీ అంటించింది. వారం పట్టింది.

నెల తర్వాత తులసి ఫోన్ చేసింది.

“గుడోళ్లు ఆ పత్రిక సూసి తాంబూలం ఆపీసినారమ్మా.”

“ఆయన ఏమన్నారు?”

“ఏటీ అన్నేదు. పొద్దున్నే పాడ్డానికి ఎల్తన్నాడు. మీ పేరు మాత్రం ఎత్తనివ్వడు.”

  తులసి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు గజపతినగరం బస్సెక్కింది, ఇంకో శాసనం చూడటానికి. ఈసారి అక్కడ తను చదివింది ఏదీ రాసుకోలేదు. ఫొటోలు తీసి, ముందుగా శాసనాలు చదవగలిగిన మరో ఇద్దరికి పంపింది, వాళ్లెలా చదువుతారో చూడాలని.