ఇద్దరిదీ కాలే, బిళ్ళలే వేరు

ముందే చెబుతున్నాను, నాకు గోరంతలు కొండంతలు చేసే జబ్బుంది. కాంపౌండరునై ఉండీ దానికి మందు కనుక్కోలేకపోయాను. చదివేవారే కాస్త తగ్గించుకోవాలి.

1986 వేసవి. నరసరావుపేటలో ఒక చిన్న నర్సింగ్ హోములో మందుల బాధ్యత నాది. ఆ ఎండలకు బీరువాలో పెట్టిన థర్మామీటరుకే జ్వరం వచ్చేది. ఇన్సులిన్ సీసాలను ఫ్రిజ్‌లో పసిబిడ్డల్లా సాకేవాళ్ళం గానీ, మాత్రలను మాత్రం పొట్లం కట్టి మంచం పక్కన స్టూలు మీద పెట్టేసేవాళ్ళం. అప్పటి ఆనవాయితీ అది.

దాచేపల్లి క్వారీలో కాలు విరిగిన కోటయ్య ఒక మంచం మీద. షుగరు వల్ల కాలి పుండు మానని లారీ మెకానిక్కు మస్తాన్ పక్క మంచం మీద. చేరిన రోజే మామాఅల్లుళ్ళయ్యారు. వాళ్ళు పంచుకున్న గోంగూరతో పల్నాడు మొత్తానికి విందు పెట్టొచ్చు.

ఒక మధ్యాహ్నం కోటయ్యకు చెమటలు పట్టాయి, చొక్కా పిండితే నాగార్జునసాగర్ నిండేటంత. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. ఎండదెబ్బ అన్నారంతా. నా కన్ను మస్తాన్ పొట్లం మీద పడింది. తరిగింది.

“షుగరు బిళ్ళలేవి మస్తానన్నా?”

“అల్లుడికిచ్చా. కాలు సలుపుతుందన్నాడు. నా కాలుకి పనిచేసేయి ఆడి కాలుకి పనిచెయ్యవా ఏంది?”

షుగరు లేనివాడు ఆ బిళ్ళ మింగితే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. డాక్టరుగారికి కబురంపి, ఆయన వచ్చేలోపు సిరంజిలో గ్లూకోజు నింపి ఉంచాను. ఆయన నరంలోకి ఎక్కించారు. మస్తాన్ గోడకానుకుని ఏడుస్తున్నాడు. కాసేపటికి కోటయ్య కళ్ళు తెరిచి, “బువ్వేది?” అన్నాడు. మళ్ళీ పడిపోతుందేమోనని మర్నాటిదాకా గ్లూకోజు ఆపలేదు.

ఆ వెంటనే స్టూళ్ళన్నీ ఖాళీ చేయించాను. మాత్రలు బీరువాలోకి, తాళంచెవి నా మొలతాడుకి. ట్రే పట్టుకుని మంచం మంచానికీ వెళ్ళి, పేరడిగి, మాత్ర చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించేవాణ్ణి.

“ఏందయ్యా, ఎద్దును బేరమాడినట్టు పళ్ళు చూస్తన్నావ్?” అన్నాడు మస్తాన్.

“నాలిక కింద అల్లుడి వాటా దాచావేమోనని.”

ఆ తర్వాత నేనిచ్చిన మాత్ర ఇంకొకరి నోట్లో పడలేదు. ఈ ఒక్క మాటను మీరు తగ్గించుకోనక్కర్లేదు. బీరువాకు తాళం దొంగల భయంతో వేస్తారనుకునేవాణ్ణి. దయగలవాళ్ళకే ఎక్కువ భయపడాలని ఆనాడు తెలిసింది.

కల్పించిందేమిటంటారా? థర్మామీటరూ చెమటా మీరే పట్టేసి ఉంటారు. కోటయ్య బువ్వ అడిగాడన్నదీ నా కల్పనే. కళ్ళు తెరవగానే అతనన్న మాట వేరు:

“మామనేమనబాకండి. నేనే అడిగి తీసుకున్నా.”