గిన్నెలో కరెంటు

ఎమ్మెస్సీ ఫిజిక్సు పాసైన ఆ కొత్తలో ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా నాకు తెలివైనవాడు ఒక్కడే కనిపించేవాడు, అదీ అద్దంలో. ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను (జీతం సంగతి అడక్కండి). యజమానిని అందరూ కరస్పాండెంటు అనేవారు. ఫిజిక్సుకీ, ఫిజికల్ ఎడ్యుకేషన్‌కీ తేడా తెలియని మహానుభావుడు. అడ్మిషన్ల ముందు తల్లిదండ్రుల మీటింగులో ఏదైనా వింత చూపిస్తే నన్ను పర్మనెంటు చేస్తానన్నాడు. ఇంట్లో నాయన ముందు తలెత్తుకు తిరగాలంటే నాకు అదొక్కటే దారి.

పశువుల ఆసుపత్రివాళ్లను బతిమాలి, ఎద్దుల వీర్యం నిలవ చేసే ద్రవ నత్రజని కాస్త తెచ్చాను. అతివాహక తీగలు చేసే పదార్థంతోనే చేసిన నల్లబిళ్ల ఒకటి కొన్నాను. గిన్నెలో బిళ్ల పెట్టి నత్రజని పోస్తే, ఆ గడ్డకట్టించే చలిలో దానికి విద్యుత్తును అడ్డుకునే గుణమే పోతుంది. ఒకసారి పారిన కరెంటు తరగకుండా తిరుగుతూ, పైన పెట్టిన అయస్కాంతాన్ని గాల్లో నిలబెడుతుంది. ఇదంతా కరస్పాండెంటు బుర్రకెక్కాలని, "దీంట్లో కరెంటు పోదండీ" అని ఒక్క ముక్కలో చెప్పాను. అదే నా కొంప ముంచింది.

ఆయన మైకు పట్టుకుని, "మా సారు కరెంటు పోని తీగ కనిపెట్టినాడు" అని చాటాడు. సీతారామపురం రైతు ఒకాయన లేచి, "మా బోరుకు ఏస్తావా సారూ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు గిన్నెలో బిళ్ల పైన అయస్కాంతం గాల్లో నిలిచింది. సరిగ్గా అప్పుడే ఫ్యాన్లు ఆగిపోయాయి. జనమంతా తలలెత్తి ఫ్యాన్లనే చూశారు.

"పోదన్నావే, పోయిందేంది?" అన్నాడు కరస్పాండెంటు.

"అది వేరండీ. గిన్నెలో కరెంటు ఇంకా ఉంది."

"గిన్నెలో ఉంటే ఏంది సారూ, ఫ్యాను తిరగొద్దా?" అన్నాడు బోరు రైతు.

హాలంతా గొల్లుమంది. ఈలోగా లెక్కల సారు వెనక్కి పరిగెత్తి జనరేటరు స్టార్ట్ చేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, చప్పట్లు మోగాయి. పర్మనెంటు ఉద్యోగం ఆయనకే దక్కింది. విజ్ఞానానికి మా కాలేజీ ఇచ్చిన విలువ అది.

నేను మాత్రం బిళ్ల వేడెక్కి అయస్కాంతం టప్పున పడేదాకా పాఠం చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు పిల్లలు అడిగినా అంత ఓపికగా చెప్పను. చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కడూ వినకపోయినా, ఒక్క ముక్క తప్పు చెప్పలేదు వెధవ.