తొంభై ఒక్క ఒకట్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. రోజూ తెల్లవారుతూనే కళ్లాపి చల్లిన నేల మీద, ముగ్గు పెట్టడానికి ముందు, వేలితో ఒక భాగహారం చేస్తాను. పదకొండు ఒకట్లు వరసగా రాసి, శేషం లేకుండా ఆ సంఖ్యను విరగ్గొట్టేది ఏదైనా ఉందేమోనని వెతుకుతాను. దొరకదు. పైన ముగ్గు వేసి లోపలికి వచ్చేస్తాను. ఈ ఉదయం గదిలో కొత్త తుంగచాప పరిస్తే, ఆ పచ్చివాసనకు ఈ పిచ్చి నాకు అంటించిన కామేశ్వరమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ ఏలూరులో మా పొరుగింటావిడ, నా బడి పంతులమ్మ. మా నాన్నగారు కొల్లేటి ఊళ్ల నుంచి తుంగ తెప్పించి, చాపలు అల్లించి అమ్మేవారు. నేను ఎవరు పలకరించినా తలుపు చాటుకు పోయే పిల్లని. డైరీలో తప్ప మాట్లాడేదాన్ని కాదు. ఒకసారి ఆవిడ నల్లబల్ల మీద ఒకట్లు వరసగా రాసి, "పైకి అన్నీ ఒకేలా ఉంటాయర్రా. లోపలేముందో విరిచి చూస్తేగాని తెలీదు" అన్నారు. అప్పటి నుంచి అవి నన్ను వదల్లేదు. మూడు ఒకట్లు మూడుతో పోయాయి, నాలుగు ఒకట్లు పదకొండుతో. ఏడు ఒకట్లతో మాత్రం పెరట్లో చాలా రోజులు పెనుగులాడాను.

ఎనిమిదో తరగతి అయ్యాక నాన్నగారు నా బడి మాన్పించబోయారు. కామేశ్వరమ్మగారు వచ్చేసరికి ఆయన అరుగు మీద తుంగ కట్టలు కడుతున్నారు.

"ఇది నోరే విప్పదు కదండీ పంతులమ్మగారూ. ఇంకా చదివి ఏం చేస్తుందండీ?"

"ముందు ఒక్క లెక్క వినండి. తొంభై ఒక్క ఒకట్లు పక్కపక్కన రాస్తే ఒక సంఖ్య. అది శేషం లేకుండా దేనితోనైనా పోతుందాండీ?"

"తొంభై ఒక్క అంకెలే! రాయడానికి నా అరుగు చాలదండీ!"

నేను తొంభై ఒక్క తుంగపుల్లలు లెక్కపెట్టి తీసి, ఏడేసి చొప్పున కుప్పలు పేర్చాను. నాన్నగారు ఒక్క చూపుతో పట్టేశారు. "పదమూడు కట్టలు, మిగులు లేదు. ప్రతి కట్టా ఏడు ఒకట్లే. అంటే ఏడు ఒకట్ల సంఖ్యతో మొత్తం పోతుందన్నమాట!" జీవితమంతా కట్టలు కట్టిన మనిషి కదా, ఉత్సాహం ఆగలేదు. "ఏడు మాత్రం సమంగా కట్టలకు రాదు. కాబట్టి ఆ ఏడు ఒకట్లది ఇక విరగదు. అంతేనాండీ?"

కామేశ్వరమ్మగారు నా వైపు చూశారు. ఇప్పుడు నేను పలకకపోతే ఆయన చేసిన పొరపాటే కాదు, నా గురించి అన్న మాటా అలాగే నిలిచిపోతుంది.

"విరుగుతుంది నాన్నగారూ."

"ఏమిటే?"

"రెండు వందల ముప్పై తొమ్మిదితో. నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది సార్లు పోతుంది."

ఆయన సుద్దముక్క తీసుకుని అరుగు మీదే గుణించారు. కింది వరసలో ఏడు ఒకట్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. "ఓసి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఇది?" అని పకపకా నవ్వారు. మర్నాడు బడి దాకా ఆయనే దిగబెట్టారు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో నేనూ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నా గొంతు ఇప్పటికీ చిన్నదే. వెనక బెంచీల నుంచి "వినపడలేదండీ" అంటూనే ఉంటారు. ఏడు ఒకట్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరూ అలా అనరు.

కామేశ్వరమ్మగారికి కామవరపుకోట బదిలీ అయినప్పుడు బస్సు దాకా వెళ్లాను. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తరువాత మేం కలుసుకోలేదు, ఆవిడ నాతో అన్న ఆఖరి మాటలు ఇవే.

"పదకొండు ఒకట్లది కూడా కట్టలకు రాదు. దాని సంగతి నాకూ తెలీదమ్మా, నువ్వే చూడు. దొరికితే మాత్రం లోపల దాచుకోకు తల్లీ, అరుగు మీదకొచ్చి చెప్పు."