అధ్యక్షుడు లేని వంటశాల

మొన్న కాలేజీలో చదువుతున్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, స్వేచ్ఛావాద సోషలిజం, అరాజకవాదం ఒకటేనా పెదనాన్నా అని అడిగితే, నాలుగు ముక్కలు చెప్పబోయి ఆగిపోయాను. పుస్తకాలకన్నా ముందు నాకు తొంభై ఆరు తుపాను తర్వాత మా ఊరి స్కూలు వరండా గుర్తొచ్చింది.

సోవియట్ యూనియన్ కూలిపోయాక అమలాపురం చుట్టుపక్కల ఎన్ని వాదాలు నడిచేవో మన తరంవాళ్ళకి చెప్పాలా! రాజ్యమూ వద్దు, యజమానీ వద్దు అనే మా చిన్న బృందానికి అధ్యక్షుడు లేడు. ఏ పనికైనా అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా తీర్మానం లేదు. అందులో కొబ్బరితోటలున్న మా మావయ్యకి వ్యక్తి స్వేచ్ఛే సర్వస్వం. దళిత క్రైస్తవుల పేట నుంచి చదువుకుని పైకొచ్చిన లెక్కల మాస్టారు మాత్రం, భూమీ గౌరవమూ సమానం కానిచోట స్వేచ్ఛ బలమున్నవాడికే దక్కుతుందనేవారు. ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకు తాగేవారు.

తుపాను తోటలన్నీ పడగొట్టాక, మండపేట మిల్లుల నుంచి బియ్యం తెప్పించి ఊరందరికీ ఉమ్మడి వంట మొదలుపెట్టాం. ఎవరి హుకుం లేకుండానే వండాం, వడ్డించాం, గుండిగలు తోమాం. మాకు కాస్త గర్వం కూడా వచ్చింది. వారం తిరక్కుండానే పెద్దరైతుల ఇళ్ళవాళ్ళు కొందరు వరండా ఆ చివర తమకు వేరే బంతి వేసుకున్నారు. అందరికీ ఒకే బంతి ఉండాలని తీర్మానిద్దామన్నారు మాస్టారు. మావయ్య ఒక్కరే కాదన్నారు.

"ఎవరి పక్కన ఎవరు కూచోవాలో శాసించడానికి మనమెవరం మాస్టారూ? రేపు మనమే పోలీసులమైపోమూ?"

"ఆయ్, రాజ్యం వద్దన్నారు, బానే ఉందండి. మరి మీ ఇళ్ళలోంచి విస్తళ్ళతోపాటు నడిచొచ్చిన ఈ రాజ్యం సంగతేంటండీ?"

ఒక్కరు కాదన్నారు గనక తీర్మానం వీగిపోయింది. మర్నాడు పేటవాళ్ళు చర్చి ఆవరణలో తమ పొయ్యి తాము వెలిగించుకున్నారు, మాస్టారు వాళ్ళతో వెళ్ళిపోయారు, మళ్ళీ మా బృందంలోకి రాలేదు. ఆ పూట మా వరండాలో నిజంగానే ఒకే బంతి మిగిలింది.

ప్రభుత్వాన్ని తీసేస్తే మిగిలేది ఖాళీ స్థలం కాదు, అక్కడ కులం ముందే కూర్చుని ఉంది. దాన్ని కూడా రాజ్యమని గుర్తించి ఎదిరించని అరాజకవాదం ఆస్తిపరుడి విలాసమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయినా ఆ రోజు బంతులు బలవంతాన కలిపి ఉంటే ఆ బలవంతం ఎక్కడ ఆగేదన్న మావయ్య భయాన్ని కొట్టిపారేయలేకపోతున్నాను. అమ్మాయికి ఇదే చెప్పాను.

ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి కులానికీ ఓ కల్యాణమండపం ఉంది, ఎవరి భోజనాలు వాళ్ళవి. అది తప్పని పోట్లాడేవాళ్ళు లేరు, పోట్లాడి ఓ స్నేహితుణ్ణి పోగొట్టుకునేవాళ్ళూ లేరు.