దల్మాలో ఆగిన జీపు

నిన్న మెకానిక్ దుకాణంలో కిరోసిన్‌లో తడిసిన వేస్టు దూది వాసన తగలగానే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

నా తొమ్మిదో ఏట, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న నన్ను రైల్లో టాటానగర్ తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఏనుగుల్ని చూపిస్తానని దల్మా అడవికి జీపు మాట్లాడాడు. రైల్వే క్వార్టర్లో పెరిగినదాన్ని కదా, ఏనుగులకూ రైళ్ళలాగే టైముంటుందని గట్టిగా నమ్మాను. నాన్నేమో అడవిలోకి వెళ్ళీ వెళ్ళగానే "రుకో దాదా!" అని జీపు ఆపించి బానెట్ ఎత్తాడు.

"నాన్నా, ఏనుగులు ఎల్లిపోతాయి!"

"ఉండవే. ఇంజిన్ ఇలగ దగ్గుతుంటే ఇని ఊరుకోమంటావేటి?"

జీపు రోజూ అలాగే నడుస్తుందని డ్రైవరు బతిమాలాడు. నాన్న వింటేగా! జేబులో ఎప్పుడూ ఉండే వేస్టు దూది తీసి, జీపులో ఉన్న కిరోసిన్‌లో ముంచి ఇంజిన్ ఒక్కొక్క భాగాన్నీ తుడిచాడు. ఆయన చేతులు కడుక్కునేసరికి అడవి గేటు మూసే వేళయింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఏటి సూసినావే అడివిలో?"

"నాన్న వీపు" అన్నాను.

ఆ తర్వాత ఏనుగుల్ని చాలాసార్లు చూశాను. ఒక్కటీ గుర్తులేదు. చెమటకి చొక్కా అతుక్కుపోయిన ఆ వీపు మాత్రం ఇప్పటికీ అడ్డు తొలగదు.